ఆసుపత్రిలో ఊదిన సన్నాయి

ఆ రోజు శుక్రవారం. గుళ్లో అమ్మవారికి అభిషేకం అయిపోయి తెర వేశారు. తెర వెనక పూజారి చీర కట్టి, పూలు పెట్టి, మళ్లీ తెర తీసేదాకా సన్నాయి ఆగకూడదు. నేను ఊదుతున్నాను. పక్కన నారాయణన్న డోలు వాయిస్తున్నాడు. ఒక పొడుగాటి స్వరం పట్టుకుని నిలబెట్టి ఉంచాను. ఉన్నట్టుండి ఎడమ చెవి ముందర టక్కుమని చప్పుడైంది, ఎండుపుల్ల విరిచినట్టు. నొప్పి పెద్దగా లేదు. కానీ కింది దవడ తన చోటు నుంచి ఒకింత పక్కకు జరిగి, మళ్లీ వచ్చి కూర్చున్నట్టు తెలిసింది. స్వరం వణికింది. నారాయణన్న నా వైపు చూశాడు. నేను చూడనట్టు ఊదుతూ పోయాను.

తెర తీశారు. హారతి ఇచ్చారు. అందరూ అమ్మవారిని చూస్తున్నారు. నేను మాత్రం నాలుకతో నోటి లోపలంతా తడుముకుంటున్నాను, ఎక్కడైనా గడ్డ తగులుతుందేమోనని.

నా పేరు మస్తాన్. మాది పెనుకొండ. దూదేకులవాళ్లం. మసీదుకు పోతాం, గుళ్లో సన్నాయి ఊదుతాం. మా వైపు దీనికి ఎవరూ వింతపడరు. మా నాయన, ఆయన నాయన అందరూ ఊదినవాళ్లే. నారాయణన్నది ధర్మవరం. ఆయన తమ్ముళ్లు మగ్గం నేస్తారు, ఈయనకు మాత్రం డోలు పట్టుకుంది. మమ్మల్నిద్దర్నీ మలేషియాలో ఒక ఊరి గుడివాళ్లు కాంట్రాక్టు మీద పిలిపించుకున్నారు. ఒక సన్నాయి, ఒక డోలు. జోడీగా తీసుకున్నారు, జోడీగానే పంపించేస్తారు. నేను ఊదలేకపోతే డోలు ఒక్కటే ఏం చేస్తుంది? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా ఇద్దరి కూడూ నా నోట్లోనే ఉంది.

ఒక్క చప్పుడుకే నేనెందుకు అంత హడలిపోయానో తెలియాలంటే మా అన్న సంగతి చెప్పాలి. మా అన్న దస్తగిరి నాకంటే మంచి విద్వాంసుడు. మా వైపు సన్నాయి ఎప్పుడూ ఇద్దరు ఊదుతారు. ఒకరు దమ్ము తీసుకుంటుంటే ఇంకొకరు అందుకుంటారు. చిన్నప్పటి నుంచి మేమిద్దరం అలాగే ఊదాం. ఊళ్లో మేళాలకు మా ఇద్దరికీ నారాయణన్నే డోలు వాయించేవాడు. అన్నకు గుట్కా అలవాటుండేది. ఒక ఏడాది, కారం తగిలితే నోరు మంటన్నాడు. ఆ తర్వాత నోరు తెరుచుకోవడం తగ్గింది. మూడు వేళ్లు పట్టే నోరు రెండు వేళ్లకు వచ్చింది, తర్వాత ఒక వేలికి. చివరికి బెంగళూరులో దవడ సగం కోసేశారు. అయినా దక్కలేదు. నేను గుట్కా ముట్టలేదు గానీ ఊదేముందు వక్కాకు వేసుకునేవాణ్ణి. వక్క కూడా అంత పనీ చేస్తుందని అన్నకు డాక్టరు చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఆ మాట అప్పుడు చెవికెక్కలేదు. మలేషియాలో ఆ చప్పుడు విన్నాక మొత్తం గుర్తుకొచ్చింది.

తర్వాతి వారాల్లో అది రోజూ రావడం మొదలైంది. ఆవులిస్తే టక్కు, దోసె కొరికితే టక్కు. ఆ పైన చెవిపోటు, కణత నొప్పి. పొద్దున లేస్తే దవడ తుప్పు పట్టిన గొళ్లెంలా ఉండేది. వేడినీళ్లు పుక్కిలించి అటూ ఇటూ ఆడిస్తే గానీ తెరుచుకునేది కాదు. స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి వేళ్లు నోట్లో పెట్టి చూసుకునేవాణ్ణి. మూడు వేళ్లు పట్టేవి. మర్నాడు మళ్లీ చూసుకునేవాణ్ణి. మూడో వేలు బిగుతుగా పోతోందని అనిపించిన రోజు నాకు అన్నం సయించలేదు. పని పోతుందన్న భయం ఒకవైపు, ప్రాణం పోతుందన్న భయం ఇంకోవైపు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అచ్చం అదే నా పరిస్థితి.

నారాయణన్నకు తెలియకూడదని చూశాను. ఒకే గదిలో ఉండే మనిషికి ఎన్నాళ్లు దాస్తాం?

“ఏమబ్బా, నోట్లో ఏళ్లు పెట్టుకోని ఏం చేస్తాండావు?” అన్నాడు ఒకరోజు, తలుపు సందులోంచి చూసి.

“పన్ను నొస్తాండాదిలే అన్నా.”

“పన్ను నొస్తే చెంప పట్టుకుంటారు. నువ్వు కొలుస్తాండావు. మీయన్న గూడా ఇట్లే కొల్చుకునేటోడు. నేను చూల్లేదనుకున్యావా?”

ఆయన సాయంత్రం పూజ అయ్యాక నన్ను దగ్గర్లోని క్లినిక్కుకు లాక్కెళ్లాడు.

అక్కడి డాక్టరు చెవిలో లైటు వేసి చూసి “ఇయర్ ఓకే” అన్నాడు. పళ్ల డాక్టరు దగ్గరికి పంపించాడు. ఆయన తమిళాయన. నాకు తమిళం అర్థమవుతుంది, మాట్లాడటం అంతంతమాత్రం. ఎక్స్‌రే తీసి, “టీఎంజే ప్రాబ్లం. దవడ జాయింటు. స్ట్రెస్ వల్ల వస్తుంది. మెత్తటి తిండి తిను, పెయిన్‌కిల్లర్ వేసుకో” అన్నాడు. ఇది క్యాన్సరా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. అడిగితే ఔనంటాడేమోనని. ఏం పని చేస్తావని అడిగాడు. గుడిలో పని అన్నాను. వంట అనుకున్నాడో, ఊడ్చడం అనుకున్నాడో, తల ఊపి రాసుకున్నాడు.

సన్నాయి అని ఎందుకు చెప్పలేదంటే రెండు కారణాలు. గుడి కమిటీలో పెద్దవాళ్లు పళ్లకు ఆ డాక్టరు దగ్గరికే వెళతారు. నా నోటి సంగతి వాళ్ల చెవిన పడితే మరుసటి నెలకు వేరే జోడీ దిగుతుంది. ఇంకోటి మా నాయన పెట్టిన కట్టడి. సన్నాయి మంగళ వాద్యం. పెండ్లి, గృహప్రవేశం, దేవుడి ఊరేగింపు, ఇవే దాని తావులు. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో ఊదకూడదు, ఆసుపత్రి గడప తొక్కనీయకూడదు, అక్కడ దాని ఊసు కూడా ఎత్తకూడదు. తొక్కితే ఆ జబ్బు వెంటబడి ఇంటికి వస్తుందని మా నాయన నమ్మాడు. నేనూ నమ్మాను. అన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నేను ఒక్కనాడు కూడా సన్నాయి సంచితో లోపలికి పోలేదు. బయట కొట్టువాళ్ల దగ్గర పెట్టి పోయేవాణ్ణి.

మా నాయన నేర్పింది ఇంకొకటి ఉంది. దవడ నొచ్చితే సాధకం చాలడం లేదని అర్థం. ఇంకా సేపు ఊదాలి, అప్పుడు మెత్తబడుతుంది. ఇది మా సన్నాయివాళ్లంతా చెప్పే మాటే. పిల్లలకు దవడ గట్టిపడాలని ఎండుకొబ్బరి నమిలిస్తారు మా ఇళ్లల్లో. సరే, నేను అదే వైద్యం మొదలుపెట్టాను. డాక్టరు మెత్తటివి తినమన్నాడు గదా, అవి తిన్నాను. మాత్రలు మింగాను. ఆ మాత్రతో నొప్పి తగ్గిన సమయం చూసుకుని, సన్నాయి అడుగు భాగంలో తువ్వాలు కుక్కి చప్పుడు బయటికి పోకుండా, పొద్దున్నే పొడుగు స్వరాలు సాధకం చేశాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మందు వేసుకుంటున్నాననే అనుకున్నాను.

ఒకరోజు పొద్దున బ్రష్షు నోట్లోకి పోలేదు. వేలు పెట్టి చూశాను. ఒక్క వేలు పోయింది. రెండో వేలు పళ్లకు తగిలి ఆగిపోయింది. వేడినీళ్ల కాపడం పెట్టాను, నూనె రాశాను, చేత్తో లాగాను. లాగితే చెవి వరకు మంట పాకింది గానీ నోరు కదల్లేదు. నేను కింద కూర్చుండిపోయాను. అన్న చివరి రోజుల్లో గొట్టంతో జావ తాగుతూ నా వైపు చూసిన చూపే కళ్ల ముందు ఆడింది. పిల్లల ముఖాలు కూడా గుర్తు రాలేదు, నిజం చెబుతున్నాను. ఆ చూపు ఒక్కటే.

నారాయణన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరు చూసి “క్లోజ్డ్ లాక్” అన్నాడు. ఎంఆర్‌ఐ తీయాలి, స్పెషలిస్టు చూడాలి, దానికి చాలా నెలలు ఆగాలి అన్నాడు. ఇక దాచి లాభం లేదు. కమిటీ పెద్దాయనకు నారాయణన్నే చెప్పాడు. ఆయన మంచివాడే. కానీ గుడి నడవాలి గదా. “ఇద్దరూ ఊరికి వెళ్లి చూపించుకోండి. పెద్ద ఉత్సవం లోపల వస్తే మీ చోటు మీదే. రాలేకపోతే ముందుగా చెప్పండి, వేరేవాళ్లను చూసుకుంటాం” అన్నాడు.

విమానంలో నారాయణన్న నాతో ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఆయన డోలు కూడా నా దవడ చేతిలో చిక్కుకుపోయింది, ఆ మాట ఆయనా అనడు, నేనూ అనను.

పెనుకొండలో దిగాక మా ఇంటికి వచ్చిన ప్రతివాడూ డాక్టరే. ఒకాయన పసరు కట్టమన్నాడు. ఒకామె దర్గాలో తాయెత్తు కట్టించింది, దాన్ని నేను కాదనలేదు, ఇప్పటికీ చేతికుంది. ఇంకొకాయన, మెడ పట్టి ఒక్క గుంజు గుంజితే నోరు దానంతటదే తెరుచుకుంటుందని ముందుకొచ్చాడు. మా ఆడమనిషి, పేరు మాబున్ని, ఆయన్ని గుమ్మం దగ్గరే ఆపేసింది.

తిండికి మాత్రం ఇబ్బంది పడలేదు. రాగిసంకటి ముద్ద నమిలేది కాదు, మింగేదే. మాబున్ని దాన్ని ఇంకా పల్చగా, జావకూ ముద్దకూ మధ్యలో చేసి పెట్టేది. మింగుతూ రేపు పోదాం, ఎల్లుండి పోదాం అని ఆసుపత్రిని వాయిదా వేశాను. నోరు తెరిచి చూపిస్తే లోపల ఏం కనిపిస్తుందోనని నా భయం.

“ఏమయ్యా, మీయన్న గూడా ఇట్లే రేపు మాపు అన్యాడు. ఆయప్ప పోయినంక మీ వదిన నాతో ఒకటే మాట అనింది. ముందే ఈడ్చుకోని పోయింటే బాగుండేది మే, అనింది. నేను ఆ మాట అనుకునేదానికి తయారుగా లేను. లేయ్, చొక్కా ఏసుకో,” అంది.

లేచాను.

హిందూపురంలో దవడ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఒకామె ఉంది. మాట నెమ్మది, చూపు చురుకు. “యాడ నొస్తాండాది? ఈడనా? నిమ్మళంగా తెరువు, బలవంతం చేయొద్దు,” అంటూ చెవుల ముందర వేళ్లు పెట్టి పట్టి చూసింది. చిన్న అద్దంతో, లైటుతో, చెంపల లోపల, నాలుక కింద, ఎంత సేపో చూసింది. ఆ సేపంతా నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉన్నాను. ఆమె ముఖం మారుతుందేమోనని ఆమె కళ్లే చూస్తున్నాను.

“మీ ఇంట్లో ఎవరికైనా నోటి క్యాన్సర్ వచ్చిండాదా?” అని అడిగింది.

అంతే. నా పని అయిపోయిందనుకున్నాను. అన్న సంగతి మాబున్ని చెప్పింది.

“అదీ నీ భయం. ఇందాకటి నుంచి వణుకుతాండావు. చూడప్పా, లోపల తెల్లమచ్చ లేదు, పుండు లేదు, చెంప మెత్తగానే ఉండాది, నారలు కట్టలేదు. మీయన్నది చెంప జబ్బు. నీది కీలు జబ్బు. ఇది క్యాన్సర్ కాదు. వక్కాకు మాత్రం ఈ పొద్దుతో మానెయ్.”

బయటికొచ్చాక మాబున్ని బస్టాండు బల్ల మీద కూర్చుని ఏడ్చింది, సంతోషంతో. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. అన్నకు కూడా మొదట్లో ఒకాయన ఏమీ లేదని చెప్పాడు. భయానికి ఒకసారి చోటిస్తే అది అద్దె కట్టకుండా ఉండిపోతుంది. ఎంఆర్‌ఐకి బెంగళూరు పోయి వచ్చాక, ఆ ఫిల్ము చూపించి డాక్టరమ్మ వివరంగా చెప్పింది. దవడ కీలులో రెండు ఎముకల మధ్య డిస్క్ అని మెత్తటి దిండు లాంటిది ఉంటుందట. ఎడమవైపు నాది ముందుకు జారిపోయి, ఎముక దాన్ని దాటి కదల్లేక ఆగిపోయింది. రాత్రి పెట్టుకుని పడుకోవడానికి పళ్లకు స్ప్లింట్ చేసి ఇచ్చింది. తడిబట్టతో కాపడం, నాలుక అంగిటికి ఆనించి నోరు మెల్లగా తెరిచే వ్యాయామం, మెత్తటి తిండి. ఏం పని చేస్తావంటే మళ్లీ “బయటి దేశంలో గుడి పని” అన్నాను. సన్నాయి మాట ఇక్కడ కూడా నా నోట్లోంచి రాలేదు.

కొన్ని వారాలకు రెండు వేళ్లు పట్టాయి. చప్పుడు తగ్గింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే ధర్మవరంలో నారాయణన్న తమ్ముడి కూతురి పెండ్లి వచ్చింది. పెండ్లికూతురి చీర వాళ్ల మగ్గం మీదే నేశారు. ఆ ఇంట్లో నేను ఊరికే కూర్చోవాలా? నారాయణన్న వద్దనే అన్నాడు. “వేరేవాళ్లను పిలిచినాం, నువ్వు కూసో” అన్నాడు. నేను వినలేదు. తాళి కట్టే ముహూర్తం ఒక్కటే ఊదుతానన్నాను. ఊదాను. గట్టిమేళం కదా, గుండెలో ఉన్నదంతా ఊదాను. చాలా రోజుల తర్వాత ఊదినందుకు కళ్లు తడిశాయి కూడా.

బంతిలో ఆకు ముందు కూర్చుని ఓళిగ తుంచి నోటికి తీసుకెళ్లాను. నోరు తెరుచుకోలేదు. ఆ ముక్క పెదవుల దగ్గరే ఆగిపోయింది. పక్కవాళ్లు తింటున్నారు, వడ్డించేవాళ్లు నెయ్యి పోస్తామంటున్నారు. నేను చేయి అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఈసారి ఒక్క వేలు కూడా సరిగా పట్టలేదు. అన్న తిరిగి వచ్చి నా నోట్లో కూర్చున్నాడనిపించింది. ఇంకెప్పటికీ నోరు తెరుచుకోదని, ఆ పెండ్లే నేను ఊదిన ఆఖరి మేళమని గట్టిగా అనుకున్నాను.

మర్నాడు హిందూపురంలో డాక్టరమ్మ కోపంగా చూసింది. “బాగవుతాండే దాన్ని ఏం చేసి చెడగొట్టినావు?”

మాబున్ని చెప్పేసింది. “సన్నాయి ఊదినాడు మేడం. ఆయప్ప పనే అది.”

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను కింద పెట్టేసింది. “ఇన్ని రోజులు నాకేంటికి చెప్పలేదు? దవడతో బతికే మనిషి, దవడ చూపించేదానికి వచ్చి, ఆ పని మాత్రం దాచిపెడతాడా?”

మా నాయన కట్టడి చెప్పాను. ఆమె నవ్వలేదు. అందుకు ఇప్పటికీ ఆమె అంటే నాకు గౌరవం.

కీలులో సూదులు పెట్టి సెలైన్‌తో కడిగారు. దాన్ని ఆర్థ్రోసెంటెసిస్ అంటారు. మత్తు సూది కీలు దగ్గరికే ఇచ్చారు, కాబట్టి మెలకువగానే ఉన్నాను. నొప్పి ఓర్చుకోదగ్గదే. లోపల నీళ్లు తిరుగుతున్న చప్పుడు మాత్రం చెవిలో వాగు పారుతున్నట్టు వినిపించింది. అదైన కాసేపటికి ఆమె “ఇప్పుడు తెరువు” అంది. తెరిచాను. తెరుచుకుంది. కొన్నాళ్ల వ్యాయామంతో మూడు వేళ్లకు కాస్త తక్కువగా వచ్చింది. ఉత్సవం దగ్గర పడుతోంది.

“మళ్లీ ఊదొచ్చా మేడం?” అన్నాను.

“నాకు తెల్దు. నువ్వు ఊదేది నేను చూడకుండా ఎట్ల చెప్తాను? ఈ జబ్బు నీకు ఎప్పుడొస్తాండాది? ఊదేటప్పుడే గదా. మళ్లీ వచ్చేటప్పుడు సన్నాయి తీసుకురా. ఈడే, నా ముందర ఊదు. చూసినాక చెప్తా, ఊదొచ్చో, మానాల్నో.”

ఆసుపత్రిలో ఊదడమా? అదీగాక, చూసి మానెయ్ అంటే? అంతకన్నా తెలియకపోవడమే మేలనిపించింది. ఇంటికొచ్చి, మలేషియాకు ఫోను చేసి వేరే జోడీని చూసుకోమని చెప్పేద్దామనుకున్నాను. మా నాయన మాట దాటలేనని మాబున్నితో అన్నాను.

ఆమె బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు, తల ఎత్తలేదు.

“మంగళం బాగుండే ఇంట్లో ఏంటికయ్యా? వాళ్లకు ఆల్రెడీ ఉండాది గదా. జబ్బుండే కాడనే గదా అది కావాల్సింది.”

మా నాయన బతికుంటే ఆ మాటకు ఏం బదులు చెప్పేవాడో నాకు తెలియదు. నేను మాత్రం లేచి సన్నాయి సంచి దుమ్ము దులిపాను.

ఆ రోజు సన్నాయి సంచి భుజాన వేసుకుని ఆసుపత్రి గడప దాటాను. లోపల కుర్చీల్లో రోగులు, మందుల వాసన. డాక్టరమ్మ గదిలో చెప్పులు విడిచి, గుడ్డ విప్పి, పెదవులతో పట్టి ఊదే పీకను నీళ్లలో తడిపి సన్నాయికి బిగించాను. పీక సరిగా కూర్చోలేదు, మళ్లీ తీసి పెట్టాను. ఆమె నా వెనక నిలబడి రెండు చెవుల ముందర వేళ్లు ఆనించింది. ఎదురుగా గోడకు అద్దం ఉంది. మాబున్ని మూలన నిలబడింది.

ఊదాను. మొదట గాలి ఒక్కటే వచ్చింది. తర్వాత స్వరం పలికింది. చిన్న గది కదా, గోడలు అదిరాయి. పొడుగు స్వరం పట్టాను.

“ఆపు,” అంది డాక్టరమ్మ. “మళ్లీ ఊదు.” మళ్లీ ఊదాను. మళ్లీ ఆపమంది.

“స్వరం పట్టినప్పుడల్లా ఎడమపక్కకు తిరుగుతాండావు. దవడ కూడా ఆ పక్కకే తోస్తాండావు. నీకు తెలుసా?”

తెలియదన్నాను. అద్దంలో చూసుకుంటూ ఊదమంది. నిజమే. పీక నోటి మధ్యలో మొదలై ఎడమ మూలకు పోతోంది, ముఖం దాని వెంట తిరుగుతోంది. నలభై ఏళ్లు దాటిన మనిషిని, నేను ఎలా ఊదుతానో అద్దంలో చూసుకోవడం అదే మొదటిసారి.

“ఆ ఎడమపక్క ఏముండాదని చూస్తావప్పా? గోడ తప్ప ఏమీ లేదే?”

నేను ఆలోచిస్తున్నాను. మూల నుంచి మాబున్ని అంది: “ఆడ వాళ్లన్న నిలబడేవాడు మేడం.”

సన్నాయి ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. పదేళ్ల వయసు నుంచి అన్న నాకు ఎడమపక్కన నిలబడేవాడు. ఆయన దమ్ము ఎప్పుడు ఆగుతుందో, నేను ఎప్పుడు అందుకోవాలో ఆయన చెంప చూసి తెలుసుకునేవాణ్ణి. ఆయన పోయాక కూడా నా మెడ ఆ పక్కకే తిరుగుతోంది, ఆయన అందుకుంటాడని. ఎవరూ అందుకోరు. మలేషియాలో శ్రుతికి కరెంటు పెట్టె, ఊదడానికి నేనొక్కణ్ణే. ఇద్దరు పంచుకోవాల్సిన దమ్ము ఒక్క దవడ మోస్తోంది, అదీ పక్కకు తిరిగి. అన్న చచ్చిపోయిన రోజు కూడా నేను అలా ఏడవలేదు. డాక్టరమ్మ ముందర, కాంపౌండరు తలుపు తీసి చూస్తుండగా, పసిపిల్లాడిలా ఏడ్చాను.

ఆ తలుపు సందులోంచి, బయట వరుసలో కూర్చున్న ఒక ముసలామె గొంతు వినిపించింది. “ఎవురిదప్పా పెండ్లి లోపల?”

డాక్టరమ్మ ఈసారి నవ్వింది. నేనూ నవ్వాను, ముక్కు తుడుచుకుంటూ. నవ్వితే దవడ నొప్పెట్టలేదు.

ఆమె తీర్పు ఇది: ఊదొచ్చు. కానీ ముఖం నేరుగా ఉండాలి, పీక నోటి మధ్యలోనే ఉండాలి, పొడుగు స్వరాలు తగ్గించాలి, మధ్యమధ్య ఆపి విశ్రాంతి ఇవ్వాలి. రాత్రి స్ప్లింట్ తప్పదు. నొప్పి వస్తే అది సాధకం చాలక కాదు, ఆపమని దవడ చెబుతున్నట్టు. “ఇద్దరి పని ఒక్కడివే చేయొద్దు” అని చివర్లో అంది.

ఇంట్లో గోడకు అద్దం తగిలించి మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. పీక మధ్యలో నిలపడం అంత కష్టమనిపించలేదు. ఎడమపక్క చూడకుండా ఉండటమే కష్టమైంది. ఆ పక్క చూడటం మానేస్తే అన్నను రోడ్డు మీద వదిలేసి ముందుకు పోతున్నట్టుండేది. కొన్ని రోజులు ఊదడానికే మనసొప్పలేదు. మాబున్ని నాకెదురుగా కూర్చుని కూరగాయలు తరుగుతూ, నా ముఖం తిరిగినప్పుడల్లా కత్తిపీట మీద చిన్నగా కొట్టేది.

ఉత్సవానికి వెళ్లాం. కమిటీ పెద్దాయనకు డాక్టరమ్మ చెప్పిందంతా దాచకుండా చెప్పాను. పెద్ద పండుగలకు పక్క ఊరి గుడి నుంచి రెండో సన్నాయిని పిలవడానికి ఒప్పుకున్నాడు. మామూలు రోజుల్లో తెర వేసినప్పుడు కొంతసేపు నేను ఊదుతాను, కొంతసేపు నారాయణన్న డోలు ఒక్కటే నడిపిస్తాడు. జనం దానికీ అలవాటు పడ్డారు. నారాయణన్న ఇప్పుడు నా పక్కన నిలబడడు. ఎదురుగా నిలబడి వాయిస్తాడు, నా చూపు నేరుగా ఉండటానికి. “ఈ ముఖం రోజూ చూసి చూసి నాకే దవడ నొప్పి వచ్చేటట్టుండాది” అంటాడు.

పూర్తిగా నయమైందని చెప్పలేను. చలిగా ఉన్న పొద్దున దవడ ఇంకా పట్టేస్తుంది. అప్పుడప్పుడూ చప్పుడు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ పాత భయం ఒక్కసారి లేచి కూర్చుంటుంది. లేవగానే వేళ్లు నోట్లో పెట్టి చూసుకునే అలవాటు పోలేదు. మూడు వేళ్లు పడుతున్నాయి.

ఇది చదివేవాళ్లలో దవడ నొప్పితో తిరుగుతున్నవాళ్లు ఉంటే, మన దేశంలోనో బయటి దేశంలోనో, నేను చెప్పేది ఒకటే. నొప్పి ఎక్కడుందో వేలితో చూపించి ఊరుకోకండి. ఏ పని చేస్తుంటే ఆ నొప్పి వస్తుందో ఆ పనిని డాక్టరు ముందర చేసి చూపించండి. పాఠం చెప్పేవాళ్లయితే నాలుగు మాటలు పాఠంలాగే చెప్పండి. కుట్టుపని చేసేవాళ్లయితే దారం పళ్లతో ఎలా కొరుకుతారో కొరికి చూపించండి. మీ పనిముట్టును సంచిలో వేసుకుని వెళ్లండి, సిగ్గుపడకండి. బయట కూర్చున్నవాళ్లు ఎవరి పెండ్లి అని అడిగితే అడగనీయండి.